కారు లైసెన్సు లేకుండా కాక్‌పిట్ దాకా

అమెరికాలో చిన్న విమానాలు నడపడం నేర్పుతూనే నా జుట్టు నెరిసింది. చదువుకోడానికి వచ్చిన మన పిల్లలూ, ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలూ వారాంతంలో హేంగర్ దగ్గరికి వచ్చి అడుగుతుంటారు: “అంకుల్, నాకు డ్రైవింగ్ లైసెన్స్ లేదు. పైలట్‌ని అవ్వచ్చా?” నిక్షేపంగా అవ్వచ్చు. కాకపోతే ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నది తెలిసుండాలి.

1. లైసెన్సు ఎందుకు లేదో ముందు తేల్చుకోండి. న్యూయార్క్‌లో సబ్‌వే ఎక్కి తిరిగే కుర్రాడికి కారు అవసరమే పడలేదు, లైసెన్సు తీసుకోలేదు. అతనికి ఏ చిక్కూ లేదు. ఫిట్స్ వల్లనో, చూపు వల్లనో లైసెన్సు రాని మనిషి సంగతి వేరు. చాలా రాష్ట్రాలు కారుకి అడిగే 20/40 చూపునే ప్రైవేట్ పైలట్‌కి కావలసిన ఆరోగ్య ధ్రువపత్రం, అంటే థర్డ్ క్లాస్ మెడికల్, కూడా అడుగుతుంది, అదీ ఒక్కో కంటికి విడివిడిగా. కళ్ళద్దాలు పెట్టుకోవచ్చు. ఇక తాగి నడిపి లైసెన్సు పోగొట్టుకున్నవాళ్ళకు ఒక మాట: మెడికల్ ఫారం మీద సంతకం పెట్టారంటే నేషనల్ డ్రైవర్ రిజిస్టర్ తిరగెయ్యడానికి అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏకి అనుమతి ఇచ్చినట్టే. దాచుదామనే ఆలోచన మానుకోండి.

2. మెడికల్ బదులు లైసెన్సు చూపించడం ఒక వెసులుబాటు, అంతే. 2004లో తేలికపాటి విమానాలకు స్పోర్ట్ పైలట్ పద్ధతి వచ్చినప్పుడు ఈ వెసులుబాటూ వచ్చింది. 2025 అక్టోబర్ 22 నుంచి స్పోర్ట్ పైలట్లు ఇంకా పెద్ద విమానాలు నడపొచ్చన్నారు, దాంతో దాని గురించి మోజు పెరిగింది. లైసెన్సు లేనివాళ్ళు అవే విమానాలు నడపాలంటే థర్డ్ క్లాస్ మెడికల్ తీసుకోవాలి. ఎలాగూ తీసుకుంటున్నప్పుడు స్పోర్ట్ దగ్గరే ఆగడం ఎందుకు? ప్రైవేట్ పైలట్‌కే వెళ్ళండి. శిక్షణ కనీసం 20 గంటల బదులు 40 అవుతుంది, ఖర్చూ పెరుగుతుంది. అయినా నా ఓటు దానికే.

3. హైదరాబాద్ లైసెన్సు ఈ వెసులుబాటుకి పనికిరాదు. ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా అంతే. అమెరికాలోని రాష్ట్రమో, దాని ఏలుబడిలోని ప్రాంతమో ఇచ్చినదే లెక్క.

4. బేసిక్‌మెడ్ ఊసెత్తకండి. 2017లో వచ్చిన ఈ పద్ధతిలో మామూలు ఫ్యామిలీ డాక్టర్ చూస్తే సరిపోతుంది కాబట్టి క్లబ్బులో ఎవరో ఒకరు సలహా ఇస్తూనే ఉంటారు. దానికీ అమెరికన్ డ్రైవింగ్ లైసెన్సు ఉండాలి. పైగా 2006 జూలై 14 తర్వాత ఒక్కసారైనా ఎఫ్ఏఏ మెడికల్ చేతికొచ్చి ఉండాలి. కొత్తవాళ్ళకు రెండూ ఉండవు.

5. ఫారం నింపే ముందే డాక్టరుతో మాట్లాడండి. నేను ఎక్కువగా పోరేది దీని గురించే. మెడికల్ ఇచ్చేది ఎఫ్ఏఏ అధికారమిచ్చిన డాక్టర్, ఏఎంఈ అంటాం. మెడ్‌ఎక్స్‌ప్రెస్‌లో ఆన్‌లైన్లో దరఖాస్తు నింపితే ఒక నంబరు వస్తుంది. దాన్ని ఏ డాక్టరూ తెరవకపోతే 60 రోజులకు అదే చెరిగిపోతుంది. డాక్టర్ తెరిచాడా, ఇక వెనక్కి తీసుకోవడం లేదు. ఫలితం ఇస్తున్నామనో, లేదనో, ఓక్లహోమా సిటీలోని ఎఫ్ఏఏ ఆఫీసు చూస్తుందనో పడాల్సిందే. “లేదు” అని పడితే, రేపు మీరు లైసెన్సు సంపాదించినా స్పోర్ట్ పైలట్ తలుపు కూడా మూసుకుంటుంది. ఆఖరి దరఖాస్తు తిరస్కరణ అయినవాళ్ళకు ఆ వెసులుబాటు లేదు మరి. అందుకే అనుమానం ఉన్నవాళ్ళు ముందు “పరీక్ష వద్దు, సలహా చాలు” అని చెప్పి అపాయింట్‌మెంట్ తీసుకోండి. కాగితాలన్నీ పట్టుకెళ్ళండి. ఫీజు డాక్టర్ ఇష్టం, ఎఫ్ఏఏ నిర్ణయించదు. పెట్టిన డబ్బుకి న్యాయం జరుగుతుంది.

6. ఇండియాలో జరిగినదీ రాయాలి. విజయవాడలో చేయించుకున్న ఆపరేషన్ ఇక్కడివాళ్ళకేం తెలుస్తుందిలే అనుకునే తల్లిదండ్రులు ఉన్నారు. ఫారం అడిగేది జన్మలో ఎప్పుడైనా అని. చిన్నప్పుడు జ్వరంలో ఒకసారి వచ్చిన ఫిట్స్‌నీ, మూర్ఛ రోగాన్నీ వాళ్ళు ఒకే గాటన కట్టరు, అమ్మనడిగి ఎన్నో ఏట వచ్చిందో కనుక్కుని రాయండి. అబద్ధమని తేలితే రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా, అయిదేళ్ళ దాకా జైలు అని ఆ ఫారంలోనే రాసి ఉంటుంది. ఇంకోటి, మన ఇళ్ళలో తుమ్మితే వేసుకునే సెట్రిజిన్ నిద్రమత్తు తెచ్చే మందుల కింద లెక్క. అది వేసుకుని విమానం నడపకూడదు. లొరాటడిన్, ఫెక్సోఫెనడిన్ అయితే, ఒంటికి పడితే, పర్వాలేదు.

7. పరీక్షకు భయపడకండి. గది మూలన డాక్టర్ వైపు వీపు పెట్టి నిలబడతారు. ఆయన ఆరడుగుల దూరంనుంచి మామూలు గొంతుతో ఏదో అంటాడు, మీరు తిరిగి చెబుతారు. చెవుల పరీక్ష చాలాసార్లు అంతే. రక్తపోటు 155/95 దాటకూడదు. మూత్రంలో చక్కెర, ప్రోటీన్ చూస్తారు. 2025 నుంచి కొత్తవాళ్ళకు రంగుల పరీక్ష కంప్యూటర్ మీద పెడుతున్నారు. నలభై లోపు వాళ్ళకు ఈ మెడికల్ అయిదేళ్ళు చెల్లుతుంది. పక్కన టీచర్ ఉన్నంత కాలం అసలిది అక్కర్లేదు, ఒంటరిగా, అంటే సోలోకి, పంపే ముందు కావాలి. అయినా మొదటి పాఠానికి ముందే తీసుకోమంటాను. వేల డాలర్లు పోశాక రాదని తెలిస్తే ఏం లాభం?

8. గ్లైడర్‌ని చిన్నచూపు చూడకండి. దానికి లైసెన్సూ వద్దు, మెడికలూ వద్దు. పద్నాలుగేళ్ళకే సోలో వెళ్ళొచ్చు. “ఇంజను లేకుండా అదేం విమానం అంకుల్” అనేవాళ్ళను ఓసారి ఎక్కిస్తాను. లాక్కెళ్ళిన విమానం తాడు వదిలేసిన తర్వాత, ఎండకు కాగిన నేల మీంచి లేచే వేడిగాలిని వెతుక్కుని, దాని చుట్టూ తిరుగుతూ గంటలు గంటలు పైన ఉండొచ్చు. చుక్కాని కాలితో ఎలా తొక్కాలో గ్లైడర్ నేర్పినట్టు ఇంకేదీ నేర్పదు. మెడికల్ వద్దన్నారు కదా అని ఒంట్లో ఉన్న లోపం తెలిసీ ఎక్కడానికి మాత్రం రూలు ఒప్పుకోదు.

9. వీసా మీద ఉన్నవాళ్ళు ఇంజను విమానం నేర్చుకునే ముందు రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏ అనుమతి కూడా తెచ్చుకోవాలి. మెడికల్‌తో దానికి సంబంధం లేదు, రెండూ ఒకేసారి మొదలుపెట్టండి.

10. వీలుంటే డ్రైవింగ్ కూడా నేర్చుకోండి. రూలు కోసం కాదు. చిన్న ఎయిర్‌పోర్టులు ఊరికి దూరంగా ఉంటాయి, బస్సులు పోవు. గ్లైడర్ మైదానాలైతే మరీ పొలాల మధ్య. నా శిష్యుల్లో విమానాన్ని చక్కగా దింపి, ఇంటికెళ్ళడానికి నా కారు కోసం ఎదురుచూసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.