స్క్రిప్చర్ అంటే రాసింది, శ్రుతి అంటే విన్నది

మొన్న పండక్కి తిమ్మాజిపేట వెళ్లినప్పుడు మా అవ్వకి మన ఛానెల్ వీడియో ఒకటి చూపించాను. అంతా విని, "నాకు సదువు రాదు బిడ్డా, శాస్త్రాలు నాకేం ఎరుక?" అన్నది. చిన్నప్పుడు నాకు భాగవతం కథలు చెప్పిందే ఆమె! ఆ మాట మనసులో ఉండిపోయింది. అందుకే ఈ రోజు నాలుగు ఇంగ్లిష్ మాటల పుట్టుక చూద్దాం.

1. స్క్రిప్చర్: లాటిన్‌లో స్క్రీబెరె అంటే రాయడం. మనం కోడింగ్‌లో వాడే స్క్రిప్ట్ కూడా అక్కడిదే. అంటే స్క్రిప్చర్ "రాసింది". కానీ వేదాన్ని మనం శ్రుతి అంటాం, అంటే "విన్నది". గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి చేరింది. అక్షరం తప్పకుండా పదపాఠం, క్రమపాఠం, ఘనపాఠం పెట్టుకున్నారు. డేటా పాడవకుండా మనం పెట్టుకునే చెక్‌సమ్ లాంటివే అనుకోండి.

2. బైబిల్: గ్రీకులో బిబ్లియా అంటే పుస్తకాలు. దాని వెనక ఉన్నది పపైరస్ పేరు. మన "గ్రంథం" వెనక ఉన్నది ముడి వేయడం, కట్టడం. తాటాకులకు రంధ్రం చేసి తాడుతో కట్టేవారు కదా!

3. టెక్స్ట్: లాటిన్‌లో టెక్సెరె అంటే నేయడం. టెక్స్‌టైల్ కూడా అదే. మన సూత్రం అంటే దారం. మాటలకు చుట్టరికం లేదు, ఊహ మాత్రం ఒకటే.

4. వీడియో: లాటిన్‌లో "నేను చూస్తున్నాను" అని అర్థం. ఇది, వేదంలోని "విద్" ధాతువు ఒకే ప్రాచీన మూలం నుంచి వచ్చాయి. జాగ్రత్త, ఇవి అన్నదమ్ముల బిడ్డలు. ఒకటి ఇంకోదానికి పుట్టలేదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, "నావిగేషన్ నవగతి నుంచి వచ్చింది" అనే ఫార్వర్డ్ ఒకప్పుడు నేనూ పంపాను. అది తప్పు. ఆ మాట లాటిన్ నావిస్ నుంచి వచ్చింది. నావిస్, మన "నౌ" బంధువులు. నిజమే ఇంత బాగున్నప్పుడు అబద్ధం ఎందుకు?

ఇక అవ్వ సంగతి. భాగవతం శ్రుతి కాదు, పురాణం. కానీ పరీక్షిత్తు దాన్ని శుకుడి దగ్గర ఏడు రోజులు విన్నాడు. ప్రహ్లాదుడు చెప్పిన తొమ్మిది భక్తుల్లో మొదటిది శ్రవణం. ఫోన్ చేసి ఇదే చెప్పాను. అవ్వ నవ్వి, "అయితే వినుడు నాకొచ్చు" అన్నది.

ఈసారి ఊరికి వెళ్తే ఇంట్లో పెద్దవాళ్లను ఒక కథ చెప్పమనండి. ఫోన్ పక్కన పెట్టి వినండి. శుభం!