నిట్టనిలువున లేచు విమానము

అనంతపురము పీఠభూమియందు శింగనమల యొక మండల కేంద్రము. చుట్టును రాతికొండలు, వాని పాదములయందు వేరుసెనగ చేలు, వానకై ఎదురుచూచు పెద్దచెరువు - ఇవి అచటి దృశ్యములు. మన దేశమున వర్షపాతము మిక్కిలి తక్కువగా గల ప్రాంతములలో ఈ సీమ యొకటి. అందుచే అచటి ఆకాశము సంవత్సరమున పెక్కు దినములు నిర్మలముగా నుండును.

ఆ ఆకాశమున పక్షులు రెండు విధములుగా ఎగురుట చూడవచ్చును. ఎండకు వేడెక్కి పైకి లేచు గాలిపై గద్ద రెక్కలు చాచి, వానిని కదల్పకయే వలయములుగా తిరుగుచు చాలసేపు తేలుచుండును. చెరువున నీరున్న దినములలో నలుపు తెలుపుల లకుముకిపిట్ట నీటికి పైన ఒకేచోట రెక్కలు టపటప కొట్టుకొనుచు నిలిచి, చేపను గురిచూచి క్రిందికి దుముకును. గద్దకు శ్రమ తక్కువ. కాని అది గాలిలో సాగుచునే యుండవలెను. లకుముకిపిట్ట ఒకచోట నిలువగలదు. కాని నిలిచినంతసేపును దాని రెక్కలకు విశ్రాంతి లేదు.

మానవుడు నిర్మించిన ఆకాశయానములయందును ఈ రెండు జాతులు కలవు. విమానము గద్దవంటిది. దాని రెక్కలు గాలిని చీల్చుకొని వేగముగా ముందునకు సాగినపుడే గాలి వానిని పైకెత్తును. ఆ వేగము వచ్చువరకు విమానము నేలపై పరుగిడవలెను. అందులకు పొడవైన, చదునైన బాట కావలెను. హెలికాప్టరు లకుముకిపిట్టవంటిది. అది తలపైనున్న పంకాను త్రిప్పి గాలిని క్రిందికి నెట్టును; ఆ ప్రతిచర్యవలన తాను పైకి లేచును. చిన్న మైదానమైనను దానికి చాలును. కాని దాని ఖర్చు ఎక్కువ. ఒక కిలోగ్రాము బరువుగల యంత్రము గాలిలో కదలక నిలువవలెనన్న, దాని పంకాలు ఆ కిలోగ్రాము బరువునకు సమానమైన బలమును ఎడతెగక పుట్టించుచుండవలెను. అదే యంత్రము మంచి రెక్కలపై ముందునకు సాగునపుడు, ఆ బలములో సుమారు పదియవ వంతు చాలును. మిగిలిన పనిని రెక్కలే చేయును.

పెరటిలో నిట్టనిలువున లేచి, పిమ్మట గద్దవలె రెక్కలపై దూరము సాగి, మరల పెరటిలోనే దిగు యంత్రమును నిర్మింపజాలమా? ఈ ప్రశ్న శాస్త్రజ్ఞులను చాలకాలము వేధించెను. నిలువున లేచుట యొక విద్య. ముందునకు ఎగురుట మరియొక విద్య. మొదటి దానినుండి రెండవ దానికి మారుట మూడవ విద్య. ఈ మూడింటిలో కష్టమైనది మూడవదే. ఆ మార్పు జరుగు కొలది క్షణములలో పంకాలు పూర్తిబరువును మోయుట మానుచుండును. రెక్కలు ఇంకను పూర్తిబరువును అందుకొనియుండవు. ఒకరి చేతినుండి మరియొకరి చేతికి నీటికుండను అందించునపుడు, ఇచ్చువాడు ముందుగా వదలినచో కుండ పగులును. ఆకాశమునను అంతియే.

ఈ విద్యను సాధించుటకు పెక్కు ప్రయత్నములు జరిగెను. 1954 ఆగస్టు 3వ తేదీన ఇంగ్లండులో రోల్స్ రాయిస్ సంస్థవారి విచిత్రయంత్ర మొకటి కట్లు లేక స్వేచ్ఛగా గాలిలోనికి లేచెను. దానికి రెక్కలు లేవు. గొట్టములతో కట్టిన చట్రము, దానిలో రెండు జెట్ ఇంజనులు, పైన ఒక మనుష్యుడు - ఇంతియే దాని రూపము. జనులు దానిని 'ఎగిరే మంచము' అని పిలిచిరి. అదే సంవత్సరమున అమెరికాలో కాన్వెయిర్ సంస్థవారు నిర్మించిన 'పోగో' అను విమానము తోకపై నిలుచుండి, ముక్కు ఆకాశమువైపు చూపుచు లేచెను. లేచిన పిదప ప్రక్కకు వంగి విమానమువలె సాగెను కూడ. కాని దిగునపుడు చోదకుడు భుజముమీదుగా వెనుకకు తిరిగి నేలను చూచుకొనవలసి వచ్చెను. అట్టి విమానము సామాన్య చోదకులకు పనికిరాదని తేలుటచే దానిని విడిచిపెట్టిరి.

తుదకు ఇంగ్లండులో హాకర్ సంస్థవారి పి.1127 అను విమానము 1960 అక్టోబరు 21వ తేదీన, త్రాళ్లతో నేలకు కట్టబడియే, మొదటిసారి గాలిలో నిలిచెను. దాని ఇంజనునకు నాలుగు నాసికలు కలవు. అవి క్రిందికి తిరిగినచో విమానము పైకి లేచును. వెనుకకు తిరిగినచో ముందునకు సాగును. ఈ విమానము గాలిలో నిలుచుటనుండి రెక్కలపై సాగుటకు మారగలదా యని పలువురు సందేహించిరి. అపుడు అమెరికాలోని లాంగ్లీ పరిశోధనాలయమువారు దాని చిన్న నమూనాను నిర్మించి, గాలిసొరంగములో ఎగురవేసి, ఆ మార్పు సాధ్యమని ముందుగా చూపిరి. 1961లో అసలు విమానము మనుష్యునితో ఆ మార్పును నిర్విఘ్నముగా సాధించెను. దాని సంతతియే హారియర్ విమానములు. వానిలో సీ హారియర్ అను తెగ 1983 నుండి 2016 వరకు మన భారత నౌకాదళమున సేవచేసెను.

ఈ కథలో గమనింపదగినది చిన్న నమూనాయొక్క ఘనత. పెద్ద విమానము కూలినచో ప్రాణము పోవును. కోట్ల ధనము పోవును. నమూనా కూలినచో ఒక పంకా విరుగును. ఆ విరిగిన పంకాయే, ఎచట తప్పు జరిగినదో చెప్పును. అదే లాంగ్లీ కేంద్రమున 2014, 2015 సంవత్సరములలో పది విద్యుత్ మోటారులు గల ఒక రేడియో విమానమును పరీక్షించిరి. దాని రెక్కల పొడవు సుమారు మూడు మీటర్లు. లేచునపుడు దాని రెక్కలు మోటారులతో సహా ఆకాశమువైపు తిరుగును. తరువాత మెల్లగా ముందునకు వంగును. ఆ రూపమునకు వచ్చుటకు ముందు వారు తేలికైన నురుగుపలకలతో మొదలుపెట్టి సుమారు పన్నెండు నమూనాలను నిర్మించిరి. వానిలో కొన్ని నేలను గట్టిగా తాకి చెడిపోయెను. 2014లో మొదట త్రాడుతో కట్టి గాలిలో నిలిపిరి. మరుసటి సంవత్సరమున ఆ కష్టమైన మార్పును సాధించిరి.

నేడు ఇట్టి నమూనాను నిర్మించువారు సాధారణముగా ఒక సులభమార్గమును అనుసరింతురు. తేలికైన నురుగుపలకతో శరీరమును, రెక్కలను చేయుదురు. రెక్కలకు ముందు రెండు, వెనుక రెండు పంకాలను ఆకాశమువైపు అమర్తురు. ముందునకు త్రోయుటకు ఐదవ పంకాను నిలుపుదురు. నాలుగు పంకాలును ఒకే దిశయందు తిరిగినచో శరీరము ఎదురుదిశయందు గిరగిర తిరిగిపోవును. కావున ఎదురెదురు మూలలనున్న రెండును కుడికి, మిగిలిన రెండును ఎడమకు తిరుగవలెను. బరువంతయు పంకాల నడుమ సమముగా ఉండవలెను. బ్యాటరీని ఒక అంగుళము అటునిటు జరిపినను తేడా తెలియును. నాలుగు పంకాలును కలిసి నమూనా బరువునకు దాదాపు రెండింతల బలమును ఈయగలిగి యుండవలెను. ఆ మిగులు బలమే గాలి విసరినపుడు దానిని కాపాడును.

నమూనాలో ఒక చిన్న నియంత్రణ పలక యుండును. దానిపైనున్న జైరోస్కోపు శరీరము ఎటు ఒరుగుచున్నదో క్షణక్షణమును కనిపెట్టును. ఒరిగిన వైపు పంకా వెంటనే వేగము పెంచుకొని నమూనాను నిలబెట్టును. నేలపై నున్నవాడు రేడియోద్వారా 'లెమ్ము, సాగుము, దిగుము' అను ఆజ్ఞలను మాత్రమే పంపును. తెలిసిన నిర్మాతలు తొందరపడరు. మొదట నమూనాను త్రాడుతో కట్టి మోకాలి ఎత్తున నిలుపుదురు. అది స్థిరముగా నిలిచిన తరువాతనే ఎత్తునకు పంపుదురు. మార్పును తగినంత ఎత్తున జరుపుదురు; ఏలయన అపుడు తప్పు జరిగినను సరిదిద్దుకొనుటకు వ్యవధి యుండును. ఒకసారి ఒక మార్పును మాత్రమే చేసి, ఫలితమును పుస్తకమున వ్రాసికొందురు. రెండు మార్పులను ఒకేసారి చేసినచో దేనివలన మేలు కలిగెనో, దేనివలన కీడు కలిగెనో తెలియదు.

గాలి కూడ అన్నివేళల ఒకే తీరున ఉండదు. సముద్రమట్టమున 15 డిగ్రీల చల్లదనమునందు ఒక ఘనమీటరు గాలి సుమారు 1.22 కిలోగ్రాములు తూగును. 40 డిగ్రీల వేడియందు అది సుమారు 1.13 కిలోగ్రాములే తూగును. శింగనమల పీఠభూమిపై నుండుటచే అచటి గాలి ఇంకను కొంత పలుచన. పంకా పట్టి నెట్టునది గాలినే కదా! పుష్యమాసపు ఉదయమున సునాయాసముగా లేచు నమూనా వైశాఖమాసపు మధ్యాహ్నమున ఆయాసపడును. దాని పంకాలు మరింత వేగముగా తిరుగవలెను. బ్యాటరీ త్వరగా ఉడిగిపోవును.

గాలి మన గాలిలో నూరవ వంతు మాత్రమే యున్నచో ఏమగును? కుజగ్రహముపై నున్న గాలి అట్టిదే. అచట హెలికాప్టరును ఎగురవేయవచ్చునని నమ్మినవాడు జె. బాబ్ బలరామ్. అతడు దక్షిణ భారతమున పెరిగి, శింగనమలవలెనే రాయలసీమకు చెందిన మదనపల్లెకు సమీపమున జిడ్డు కృష్ణమూర్తి నెలకొల్పిన ఋషివ్యాలీ పాఠశాలలో చదివెను. అతని బాల్యమున మామయ్య యొకరు అమెరికా కాన్సులేటు కార్యాలయమునకు ఉత్తరము వ్రాసి, అంతరిక్ష యాత్రలను గూర్చిన పుస్తకములను తెప్పించెను. 1969లో మానవుడు చంద్రునిపై అడుగిడిన వార్తను ఆ బాలుడు రేడియోలో వినెను. పిమ్మట మద్రాసులోని ఐ.ఐ.టి.లో చదివి, అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ పరిశోధనాలయమున చేరెను.

1990 దశకమున అతడు కుజునిపై ఎగురు యంత్రమును గూర్చి ఒక ప్రణాళికను వ్రాసెను. ధనము లభింపలేదు. సుమారు పదునైదు సంవత్సరములు ఆ కాగితములు అలమారలోనే యుండెను. తరువాత అవకాశము వచ్చినపుడు, కుజునిపైనున్నంత పలుచని గాలిని ఒక పెద్ద గదిలో నింపి నమూనాను పరీక్షించిరి. మొదట నేలనుండి మనుష్యుడే దానిని నడుపజూచెను. అది లేచెను గాని అదుపు తప్పెను. అంత పలుచని గాలిలో మనుష్యుని చేయి తగినంత త్వరగా పనిచేయజాలదని తెలిసెను. తనను తానే నిలుపుకొను యంత్రమును నిర్మించి 2016లో ఆ గదిలో విజయము సాధించిరి. కుజునినుండి భూమికి రేడియో వార్త చేరుటకే పెక్కు నిమిషములు పట్టును గనుక, అచట మరియొక మార్గమును లేదు.

1.8 కిలోగ్రాముల ఆ హెలికాప్టరునకు ఇంజెన్యూయిటీ అని పేరు. 2021 ఏప్రిల్ 19వ తేదీన అది కుజునిపై మూడు మీటర్ల ఎత్తునకు నిలువున లేచి, 39 సెకండ్లు గాలిలో నుండి దిగెను. దాని పంకాలు నిమిషమునకు సుమారు 2,500 సార్లు తిరిగెను. ఐదుసార్లు ఎగిరిన చాలునని పంపిన ఆ యంత్రము 2024 జనవరి వరకు 72 సార్లు ఎగిరెను. చివరిసారి దిగునపుడు పంకా రేకులు విరుగుటచే దాని యాత్ర ముగిసెను.

ఈ విద్య కేవలము వినోదము కాదు. 2021 సెప్టెంబరులో తెలంగాణలోని వికారాబాదున మందులను, టీకాలను నిలువున లేచు చిన్న ఆకాశయానములద్వారా ప్రాథమిక ఆరోగ్య కేంద్రములకు పంపి పరీక్షించిరి. శింగనమలవంటి సీమలో దీని విలువ సులభముగా తెలియును. వేరుసెనగ చేనిలో పనిచేయువానిని పాము కరచినచో విరుగుడు మందునకై గడుచు ప్రతి నిమిషమును ప్రాణముతో సమానము. రాతికొండల నడుమ విమానమునకు బాట వేయుట సాధ్యము కాదు. కాని ఆరోగ్య కేంద్రపు ముంగిట నాలుగు బారల ఖాళీస్థలము అంతటను కలదు. అచట దిగగల యంత్రము నమ్మకముగా దిగవలెనన్న, ముందుగా వందసార్లు నమూనాగా లేచి, దిగి, విరిగి, బాగుపడి యుండవలెను.

ఈ పనికి పూనుకొను విద్యార్థులు కొన్ని జాగ్రత్తలను మరువరాదు. తిరుగుచున్న పంకా కత్తివంటిది. లిథియం బ్యాటరీ దెబ్బతిన్నచో మండును. జనుల తలలపైగాని, విమానాశ్రయముల సమీపమునగాని ఎగురవేయరాదు. 2021లో ప్రభుత్వము వెలువరించిన డ్రోను నియమములను తెలిసికొని, ఉపాధ్యాయుల సమక్షముననే ఎగురవేయవలెను. నమూనా కూలినపుడు సిగ్గుపడి ముక్కలను పారవేయువాడు ఏమియు నేర్చుకొనడు. ఆ ముక్కలను ఏరి తెచ్చి, ఏది ముందు విరిగెనో చూచి, పుస్తకమున వ్రాసికొని, మరునాడు ఒక్క మార్పుతో మరల ప్రయత్నించువాడే ఈ విద్యకు అర్హుడు.