తడిబట్టల నీరు ఎక్కడికి పోవును?

(బట్టలారబెట్టు యంత్రమును గూర్చి తల్లిదండ్రులకొక పాఠము)

వానకాలము వచ్చినదనగా ముంబయిలోని మన ఇండ్లలో ఒక చిక్కు ఆరంభమగును. నైరుతి ఋతుపవనము సాధారణముగా జూన్ 11వ తేదీ ప్రాంతమున నగరమును చేరి, అక్టోబరు మొదటివారము వరకు నిలుచును. ఈ నాలుగు మాసములును కామాఠిపుర గల్లీలలోను, వర్లీ చాళ్లలోను గ్యాలరీ దండెముమీది బట్టలు రెండుమూడు దినములకుగాని ఆరవు. బడివేళకు పిల్లవానికి తడియారని చొక్కా తొడిగి పంపవలసి వచ్చును. తడిబట్ట ఒంటినంటియున్నచోట తామర సులభముగా పుట్టును. చెమ్మగోడలకు పట్టిన బూజు ఉబ్బసముగల పిల్లలను బాధించును. అందుచేత నేడు పెక్కు ఇండ్లలో ఆరబెట్టు యంత్రములు చేరుచున్నవి. యంత్రమును కొనుట సులభమే. దాని పని తెలిసి వాడుటయే ముఖ్యము.

కామాఠిపురమునకు నీటితోడి పోరు క్రొత్తది కాదు. 18వ శతాబ్దమున ఆ ప్రాంతము సముద్రజలము పొంగివచ్చెడి పల్లపునేల. మహాలక్ష్మి, వర్లీల నడుమ హార్న్‌బీ వెల్లార్డు అను కట్ట 1784 ప్రాంతమున పూర్తియై ఆ జలమును అడ్డగించిన పిమ్మట ఆ పల్లము నివాసయోగ్యమైనది. నిజాము రాజ్యమునుండి వచ్చి నగర నిర్మాణమున కూలిపని చేసిన తెలుగు కామాఠుల పేరే ఆ పేటకు నిలిచినది. నేల ఆరుటకైనను, బట్ట ఆరుటకైనను సూత్రమొకటే. నీరు మాయము కాదు. ఒకచోటు విడిచి మరియొకచోటికి పోవును. అది ఎక్కడికి పోవుచున్నదో కనిపెట్టినచో యంత్రపు జాతియు, దాని జబ్బును తెలియును.

గదిలోని లెక్క

పాత బి.డి.డి. చాళ్లలో ఒక గది 160 చదరపు అడుగులు. ఎత్తు 10 అడుగులనుకొన్నచో అందలి గాలి సుమారు 45 ఘనమీటర్లు. 30 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమియందు ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటియావిరిని మాత్రమే మోయగలదు. అనగా గది మొత్తమునకు 1,350 గ్రాములు. తేమ 80 శాతమున్న దినమున 1,080 గ్రాముల ఆవిరి ముందే చేరియుండును. మిగిలిన చోటు 270 గ్రాములకే. పొడిగా మూడు కిలోలు తూగు నూలుబట్టలను ఉతికి చేతితో పిండినపుడు వానిలో ఇంచుమించు మూడు లీటర్ల నీరుండును. తలుపులు మూసిన గదిలో అవి ఎట్లారును? ఆరినంతమేరకు ఆ నీరు గోడలకును పరుపులకును చేరును.

కావున గదిలో దండెము కట్టవలసివచ్చినపుడు ఒక కిటికీ తెరచి, పంకా గాలిని బట్టలమీదుగా బయటికి పోవునట్లు త్రిప్పవలెను. దండెమునకు ఇనుపతీగ వాడరాదు. విద్యుత్తు తీగ దానికి తగిలినచో తడిబట్ట తీయబోయిన వారి ప్రాణమునకే ముప్పు. నూలు త్రాడో, నైలాను త్రాడో కట్టుట మేలు.

యంత్రమును గుర్తించుట

ఇండ్లలో కనబడు యంత్రములు ముఖ్యముగా నాలుగు విధములు.

1. తిప్పి పిండునది. సెమీ ఆటోమేటిక్ ఉతుకు యంత్రములో పెద్ద తొట్టి ప్రక్కనుండు చిన్న తొట్టి ఇదియే. దీనిలో వేడి లేదు. తొట్టి వేగముగా తిరుగునపుడు నీరు రంధ్రములగుండ వెలికి చిమ్మి, గొట్టము ద్వారా మోరీలోనికి పోవును. ఇది బట్టలను పూర్తిగా ఆర్పదు; చేతితో పిండినదానికంటె ఎంతయో బాగుగా పిండును.

2. వేడిగాలిని బయటికి విడుచునది. దీని వెనుక వెడల్పైన గొట్టముండును. ఆ గొట్టమును కిటికీ వెలుపలికి చేర్చవలెను. గదిలోనే వదలినచో పైన చెప్పిన లెక్క మరల వచ్చును.

3. ఆవిరిని చల్లార్చి నీరుచేయునది. బయటి గొట్టము లేక, సొరుగువంటి నీటితొట్టి యుండును. వీనిలో హీట్ పంపు రకము శీతలయంత్రపు సూత్రమున పనిచేయును. విద్యుత్తు సగమో అంతకంటె తక్కువయో చాలును.

4. ఉతుకుటయు, ఆర్చుటయు ఒకే తొట్టిలో చేయునది. వీనిలో కొన్ని, ఆవిరిని చల్లార్చుటకు కుళాయి నీటిని వాడును. కుళాయి కొన్ని గంటలే వచ్చు చాళులో ఈ సంగతి కొనుటకు ముందే అడిగి తెలిసికొనవలెను.

యంత్రము వెనుకనో, మూత లోపలనో అతికిన రేకుమీద మాదిరి సంఖ్య, వోల్టులు, వాట్లు వ్రాసియుండును. వానిని నోటుపుస్తకమున వ్రాసికొనుడు. విడిభాగము కావలసినపుడు ఆ సంఖ్య లేక పని జరుగదు.

ఖర్చును తీగయును

ఒక లీటరు నీటిని ఆవిరిచేయుటకు సుమారు 0.7 యూనిట్టు శక్తి కావలెను. 200 వాట్ల మోటారు 5 నిమిషములు తిరిగినచో ఖర్చగునది యూనిట్టులో 60వ వంతు మాత్రమే. కావున వేడి యంత్రమున్నవారైనను ముందు బాగుగా తిప్పి పిండి, తరువాతనే వేడికి పెట్టవలెను.

2,000 వాట్ల వేడి యంత్రము 230 వోల్టులవద్ద సుమారు 8.7 ఆంపియర్ల విద్యుత్తును తీసికొనును. దీపమునకును పంకాకును అమర్చిన 6 ఆంపియర్ల ప్లగ్గు దీనికి చాలదు. తగిన తీగతో వేసిన 16 ఆంపియర్ల ప్లగ్గు, సరియైన ఎర్తు, 30 మిల్లీఆంపియర్ల లీకునకే విద్యుత్తును తెంచు ఆర్.సి.సి.బి. ఉండవలెను. పాత చాళ్లలో లైసెన్సుగల ఎలక్ట్రీషియనుచేత తీగలు చూపించి గాని వేడి యంత్రము పెట్టరాదు. 2025లో వర్లీ బి.డి.డి. చాళ్లవారిలో మొదటి కుటుంబములకు 500 చదరపు అడుగుల క్రొత్త ఇండ్లు లభించినవి. అట్టి ఇండ్లకు మారువారును తమ యంత్రపు వాట్లకు తగిన ప్లగ్గు ఏదో ముందు చూచుకొనవలెను.

పోషణ

పిండు తొట్టిలో బట్టలను అన్నివైపుల సమముగా సర్ది, పైన లోపలిమూత నొక్కిపెట్టవలెను. సర్దుట సరిలేనిచో యంత్రము దడదడ కొట్టుకొనును. నీరు పోవు గొట్టము నేలమీద వాలుగా నుండవలెను. ఎత్తుగా కట్టినను, మడతపడినను నీరు తొట్టిలోనే నిలుచును. మోటారు గుర్రుమనుచు తొట్టి తిరుగనిచో ప్లగ్గు తీసి, మేజోడో చేతిరుమాలో సందులో చిక్కినదేమో చూడుడు. అది కానిచో బ్రేకు గాని, కెపాసిటరు గాని చెడియుండవచ్చును. ప్లగ్గు తీసిన తరువాతను కెపాసిటరులో విద్యుత్తు నిలిచియుండును. దానిని మరమ్మతువానికే విడువవలెను.

వేడి యంత్రములో నూలుపీచును పట్టు జల్లెడను ప్రతి వాయికి తీసి తుడువవలెను. పీచు నిండినచో గాలి ఆడదు, బట్టలారవు. వేడియెక్కిన పీచు అంటుకొనవచ్చును. నీటితొట్టిని ప్రతి వాయికి పారబోయవలెను. తీయుటకు వీలైన కండెన్సరును నెలకొకసారి కుళాయి క్రింద కడుగవలెను. బట్టలింక తడిగానుండగనే యంత్రము ఆగుచున్నచో, తొట్టి అంచున రెండు లోహపు పట్టీలున్నవేమో చూచి మెత్తని తడిగుడ్డతో తుడువుడు. తేమను కొలుచునవి అవియే.

నూనె పీల్చిన వంటింటి గుడ్డలను, కిరసనాయిలు తగిలిన బట్టలను వేడి యంత్రములో ఎన్నడును వేయరాదు. అట్టివి ఉతికిన తరువాతను, వేడిగా కుప్పపడియున్నపుడు తమంత తామే రాజుకొనవచ్చును. ఏ బట్ట వేయవచ్చునో దాని పట్టీ చెప్పును: చతురస్రములో వలయమున్నచో వేయవచ్చును, దానిపై అడ్డుగీతలున్నచో కూడదు. పట్టుచీరలకు దండెమే శరణ్యము.

ఒక్క పరీక్ష మరువవలదు

పిండు తొట్టి తిరుగుచుండగా మూత ఎత్తినచో కొన్ని సెకన్లలో అది పూర్తిగా నిలువవలెను. నిలువనిచో బ్రేకు అరిగినదన్నమాట. ఆ దినముననే వాడుక మాని మరమ్మతు చేయింపవలెను. తిరుగు తొట్టిలో చేయిపెట్టిన పిల్లవాని చేతికి బట్ట చుట్టుకొనినచో ఎముక విరుగును. మూత మూయకయే తిరుగునట్లు మీటను కట్టివేయుట కొన్నిచోట్ల వాడుక, అది మహాప్రమాదము. పదినిమిషముల పని మిగులునని పిల్లల చేతులను పణముగా పెట్టరాదు.

పిల్లలతో చేయదగిన ప్రయోగము

ఒక పొడి తువ్వాలును తూచి బరువు వ్రాయుడు. తడిపి, చేతితో పిండి తూచుడు. పిదప యంత్రములో తిప్పి తూచుడు. తుదకు దండెముపై ఆరవేసి, గంటకొకసారి తూచుడు. బరువు తగ్గినంత నీరు బట్టను విడిచినది. ప్రతి తూనిక యెదుట “ఈ నీరు ఎక్కడికి పోయినది?” అని పిల్లలచేత జవాబు వ్రాయింపుడు. మోరీలోనికనియో, కిటికీ వెలుపలికనియో వారు వ్రాసినచో మంచిది. “గదిలోనే” అని వ్రాసినచో ఆ దినమే కిటికీ తెరువుడు.