తాళపుచెవి ఎవరి చేతికి?

తల్లిదండ్రుల సమావేశములలో ఈ మధ్య మాకు తరచుగా ఎదురగుచున్న ప్రశ్న ఒకటి కలదు. కంప్యూటరు గదిలో పిల్లలు వ్రాయు ప్రోగ్రాములు ఎచ్చట దాచబడుచున్నవి, వానిని పరులు చూడగలరా అని అడుగుచున్నారు. హోసూరు ప్రాంతపు మన కుటుంబములలో అనేకుల పిల్లలు బెంగుళూరు సాఫ్టువేరు కంపెనీలలో పనిచేయుచున్నారు. కావున ఈ ప్రశ్న వట్టి కుతూహలముతో పుట్టినది కాదు. దీనికి సమాధానముగా ఈ పాఠమును వ్రాయుచున్నాము. ఇందులో మా పొరపాటు కూడ ఒకటి చెప్పవలసి యున్నది.

కంప్యూటరునకు మనము వ్రాసియిచ్చు ఆజ్ఞల వరుసను కోడు అందురు. పదిమంది కలిసి ఒకే కోడును దిద్దునపుడు, ఎవరు ఏ పంక్తిని ఎప్పుడు మార్చిరో తెలియవలెను. తప్పు జరిగినచో వెనుకటి ప్రతిని మరల తీయగలుగవలెను. ఈ పనికై లీనస్ టోర్వాల్డ్స్ అనువారు 2005లో గిట్ అను సాధనమును రచించినారు. దాని ఆధారముగా కోడును ఒకచోట భద్రపరచి, వాకిళ్లను తాళములను అమర్చునవి కోడు భాండాగారములు. వీనిలో గిట్‌హబ్ అనునది పరుల యింటిలో మనకిచ్చిన పెట్టె వంటిది. 2011లో ఉక్రెయిను దేశమున ప్రారంభమైన గిట్‌ల్యాబ్‌ను అయితే మన స్వంత కంప్యూటరులోనే స్థాపించుకొనవచ్చును. అప్పుడు ఇల్లు మనదే, కాపలాయు మనదే.

భాండాగారపు వాకిట అడుగవలసిన ప్రశ్నలు రెండు. నీవెవరు అనునది మొదటిది. నీకు ఈ పనికి అనుమతి కలదా అనునది రెండవది. మన విద్యార్థిని గేటు వద్ద జవాను గుర్తించి లోనికి విడుచును. అంతమాత్రమున ఆ విద్యార్థి మార్కుల రిజిస్టరు తెరచి దిద్దుకొనరాదు గదా. గిట్‌ల్యాబ్‌లో గెస్టు, రిపోర్టరు, డెవలపరు, మెయింటెయినరు, ఓనరు అను అంతస్తులున్నవి. ఏ అంతస్తువారు ఏమి చేయవచ్చునో నిర్ణయింపబడి యున్నది. అయితే ఈ రెండవ ప్రశ్నను ఒకమారు అడిగి ఊరకుండిన చాలదు. ప్రతి బీరువా వద్దను, ప్రతిమారును అడుగవలెను. వంద చోట్ల అడిగి ఒక్కచోట మరచినను, తెలిసినవాడు ఆ ఒక్క చోటునే వెదకి వచ్చును.

2012 మార్చి 4వ తేదీన ఇట్లే జరిగినది. ఈగర్ హోమకోవ్ అను రష్యా యువకుడు, గిట్‌హబ్ నిర్మాణమునకు ఆధారమైన రెయిల్స్ అను సాధనములో ఈ లోపమునకు తావున్నదని దాని రచయితలకు ముందే చెప్పినాడు. వారు లక్ష్యపెట్టలేదు. అంతట అతడు గిట్‌హబ్‌లో తన తాళపుచెవిని నమోదు చేసుకొను ఫారముపై, అడుగని గడి నొకదానిని తానే చేర్చి, ఈ చెవి రెయిల్స్ వారిది అని వ్రాసి పంపినాడు. ఆ గడిని నింపుటకు నీకేమి అధికారమని ఆ సాఫ్టువేరు అడుగలేదు. అతడు రెయిల్స్ భాండాగారములోనికే పోయి, ఒక మార్పు చేసి చూపినాడు. గిట్‌హబ్‌వారు ఆ దినముననే లోపమును సరిచేసి, కొలదిదినములలో వాడుకరులందరిని తమ తమ చెవులను సరిచూచుకొనుడని కోరినారు. తాళము బలమైనదే, తాళపుచెవిని ఎవరి పేర వ్రాసికొనవచ్చునో విచారింపకపోవుటయే దోషము.

ఇక మనకు సంబంధించిన సంగతి. 2024 జనవరి 11వ తేదీన గిట్‌ల్యాబ్‌వారు ఒక లోపమును ప్రకటించినారు. దాని తీవ్రతకు పదింట పది అంకెలు వేసినారు. దీనిని మా కార్యాలయపు భాషలో చెప్పెదము. పూర్వవిద్యార్థి పేర ఒక జాబు వచ్చినదనుకొనుడు. ధ్రువపత్రపు నకలును ఈ రెండు చిరునామాలకు పంపుడని అందులో ఉన్నది. గుమాస్తా ఒక చిరునామాను రిజిస్టరుతో సరిచూచినాడు, సరిపోయినది. రెండవదానిని చూడకయే రెండింటికిని పంపివేసినాడు! గిట్‌ల్యాబ్‌లో పాస్‌వర్డు మరచినవారు క్రొత్తదానికై కోరినపుడు జరిగినది ఇదియే. కోరికలో అసలువాని ఈ-మెయిలుతోపాటు దొంగ తన ఈ-మెయిలును కూడ చేర్చినచో, పాస్‌వర్డు మార్చుకొను లంకె ఇద్దరికిని పోవుచుండెను. మరియొక ఈ-మెయిలు ద్వారా కూడ పాస్‌వర్డు మార్చుకొను సౌకర్యమును కల్పింపబోయి, 2023లో వెలువడిన 16.1 కూర్పునందు ఈ లోపమును తెచ్చిపెట్టుకొన్నారు.

మా కంప్యూటరు గదిలో ఉండినది 16.5 కూర్పు. పిల్లలు ఇండ్లనుండి కూడ పని చేసికొనుటకై సెలవులలోను కంప్యూటరు నడచుచునే యుండును. దానిని అమర్చిన మా పూర్వవిద్యార్థి శుక్రవారము సాయంత్రము ఫోను చేసినాడు. "సారూ, గది తెరిపించండి, అరగంట పని" అన్నాడు. నిర్వహణపు పనులు ఆ గదిలో కూర్చుండియే చేయవలెనని నియమము పెట్టినది మేమే. గది తాళము మా యొద్ద నున్నది. మేము ఊరికి బయలుదేరుచుంటిమి. "పండుగ పోనీ, చూతము లేవయ్యా" అన్నాము. సంక్రాంతి సెలవులు ముగిసి 18వ తేదీన గది తెరచువరకు ఆ వాకిలి అట్లే యున్నది.

అందులో పిల్లల అభ్యాసపు కోడు మాత్రమే యుండినచో ఈ వ్యాసము వ్రాసియుండము. మార్కుల జాబితాను తయారుచేయు మా ప్రోగ్రాము కూడ అందే యుండెను. దానిని పరీక్షించుటకై రెండు తరగతుల పిల్లల నిజమైన పేర్లు, పుట్టిన తేదీలు, మీ ఫోను నంబర్లు గల పట్టికను చేర్చి యుంటిమి. కల్పితపు పేర్లు వ్రాసిన సరిపోయెడిది. బద్ధకించినాము.

గిట్‌ల్యాబ్‌లో, ఏ కోరిక ఎప్పుడు వచ్చినదో వ్రాసియుంచు చిట్టా కలదు. ఒకే కోరికలో రెండు ఈ-మెయిళ్లు కలిసి వచ్చినవేమో వెదకుడని ఆ సంస్థవారే తెలిపియుండిరి. 18వ తేదీన 16.5.6 కూర్పును వేసిన పిదప, మేమిరువురము కూర్చుండి ఆ చిట్టాను పంక్తి పంక్తిగా చదివినాము. అట్టిది ఒక్కటియు కానరాలేదు. పట్టికను తీసివేయుట అంత సులభము కాలేదు. వెనుకటి ప్రతులనన్నిటిని దాచుట గిట్ స్వభావము. నేడు తుడిచినను నిన్నటి ప్రతిలో ఉండును. చరిత్ర మొత్తమును తిరగవ్రాయించి, పాత నకళ్లను కూడ వెదకి తీసివేయుటకు అతనికి రెండు ఆదివారములు పట్టినవి.

మావలె జాప్యము చేసినవారు అనేకులున్నారు. గిట్‌ల్యాబ్‌వారు స్వయముగా నడుపు భాండాగారము ప్రకటననాటికే బాగుచేయబడియుండెను. స్వంతముగా స్థాపించుకొన్నవారి సంగతి వేరు. రెండు వారములు కావచ్చినను, బాగుచేయనివి ఐదు వేలకు పైగా ఇంటర్నెట్టునకు తెరచియున్నట్లు షాడోసర్వర్ అను సంస్థ లెక్కించినది. మే 1వ తేదీన అమెరికా ప్రభుత్వపు సైబరు భద్రతా సంస్థ ఈ లోపమును, దొంగలు వాస్తవముగా వాడుచున్న లోపముల పట్టికలో చేర్చి, తమ కేంద్ర కార్యాలయములకు మే 22 వరకు గడువు విధించినది.

పాస్‌వర్డుతోపాటు ఫోనులో కనబడు సంఖ్యను కూడ అడుగు రెండంచెల ఏర్పాటు చేసికొన్నవారికి ఈ లోపము వలన పాస్‌వర్డు మారిపోవచ్చునే గాని, దొంగ లోపలికి ప్రవేశింపజాలడు. మా పిల్లలలో ఆ ఏర్పాటు చేసికొన్నవారు నాడు ఒక్కరును లేరు. ఇపుడు గది తాళము మా యొద్ద నొకటి, సహాయ ప్రధానోపాధ్యాయుల యొద్ద నొకటి ఉన్నవి. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు రెండంచెల ఏర్పాటును వచ్చే విద్యాసంవత్సరము మొదటి శనివారమున కంప్యూటరు గదిలో చేయింతుము. దానికి పెద్దల ఫోను అవసరము. తల్లి గాని తండ్రి గాని ఫోనుతో స్వయముగా రావలెను. ఫోనును పిల్లల చేతికిచ్చి పంపవద్దని మనవి.