ట్యూబు కాదు, వెనకున్న వైరును చూడండి

గూడూరు నిమ్మకాయల కొట్లలో, బజారు వీధి పాత మిద్దెల్లో వైరింగు పని చేస్తూ నేర్చుకున్నవి ఇవి. పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలకు చెబుతున్నాను.

1. ట్యూబు కొసలు రెండూ ఎర్రగా వెలుగుతూ మధ్యలో చీకటిగా ఉంటే స్టార్టరు అతుక్కుపోయిందని అర్థం. కొసలు నల్లబడితే ట్యూబు ఆయుష్షు తీరింది. రెండూ మార్చినా మిణుకుమంటుంటే హోల్డరు, చోకు, చివరకు వైరు చూడాలి.

2. పాత మెయిను బోర్డుల్లో ఫేజుకొక కిట్‌క్యాట్ ఫ్యూజు, న్యూట్రలుకొక కిట్‌క్యాట్ ఫ్యూజు ఉంటాయి. న్యూట్రల్ ఫ్యూజు పోతే లైటు ఆరిపోతుంది. చూసినవాడు కరెంటు లేదనుకుంటాడు. కానీ ఫేజు హోల్డరు దాకా వచ్చి కూర్చునే ఉంటుంది. ప్రాణం తీసేది అక్కడే. ఆ న్యూట్రల్ ఫ్యూజు తీసేసి గట్టి లింకు వేయండి. త్రీఫేజు మిద్దెలో అందరికీ ఉమ్మడి న్యూట్రల్ తెగితే ఇంకా ఘోరం: ఒక కొట్లో ట్యూబులు మసకబారతాయి, పక్క కొట్లో 230 వోల్టులు ఉండాల్సిన చోట 400కు దగ్గరగా ఎక్కుతుంది. అలా కనబడిన క్షణం ఏదీ వెతక్కండి, మెయిను దించండి.

3. చెక్క బ్యాటను మీద రబ్బరు వైరు కదపనంతవరకు బాగున్నట్టే ఉంటుంది. వంచితే పెళుసుగా రాలుతుంది. దానికి టేపు చుట్టి పోవడం పని కాదు. మన చుట్టుపక్కల తవ్విన అభ్రకం దేశదేశాలకు వెళ్లింది వేడిని, కరెంటును రెండింటినీ తట్టుకుంటుందనే. టేపు అలా కాదు, చోకు వేడి పక్కన దాని జిగురు కరిగి ఊడిపోతుంది. వైరు మొత్తం మార్చండి. అల్యూమినియం వైరును రాగికి మెలిపెట్టి కలపొద్దు.

4. మామూలు చోకు మీద ట్యూబు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. ఆ వెలుగులో తిరిగే చక్రం ఆగినట్టు కనబడవచ్చు. మిల్లులో పక్కపక్క ట్యూబులను వేరు వేరు ఫేజులకు ఇవ్వండి.

5. 40 వాట్ల పాత ట్యూబుకు రాగి చోకు మరో 10-15 వాట్లు తింటుంది. ఎల్ఈడీకి మారమని యజమానికి ధైర్యంగా చెప్పండి. పాదరసంపై మినమాటా ఒప్పందం దేశాలు 2023లో ఈ ట్యూబుల తయారీకి 2027తో ముగింపు పెట్టాయి. తీసిన ట్యూబులు పగలగొట్టొద్దు, లోపల పాదరసం ఉంది. పొరపాటున పగిలితే కిటికీలు తెరిచి, చీపురు వాడకుండా అట్టముక్కతో ఎత్తి, మూతున్న డబ్బాలో వేయండి.