పాడి ఉన్న ఇల్లు

“నిద్రపోతున్నా డబ్బులొస్తాయటగా?” బ్లాగు పెట్టాలనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఇదే. మనకు అర్ధరాత్రి అయిన వేళ డాలస్‌లో ఎవరో పేజీ తెరిస్తే మన ఖాతాలో నాలుగు పైసలు పడే మాట నిజమే. నేను పాడి ఉన్న ఇంట్లో పెరిగాను. గేదె పొదుగు కూడా మేం నిద్రపోతుండగానే నిండేది. అయినా మా అమ్మ నాలుగింటికే లేచేది. కుడితి పెట్టి, పేడ ఎత్తి, దూడను విడిచాకే చెంబులో పాల చప్పుడు వినబడేది. వేళ తప్పితే గేదె చేపేది కాదు. వెబ్‌సైటు నడపడం మొదలుపెట్టాక నాకు పాలకంటే అమ్మ లేచిన ఆ వేళే ఎక్కువగా గుర్తొస్తోంది.

నాది మిద్దె తోటల వెబ్‌సైటు. గ్రో బ్యాగులో మట్టి ఎంత, కొబ్బరి పొట్టు ఎంత, మందారానికి పిండినల్లి పడితే ఏం చేయాలి, ఇలాంటివి రాస్తుంటాను. తెలుగులో రాసి నాలుగు డబ్బులు కళ్లజూడటం ఈమధ్య మొదలైన ముచ్చట. అంతకుముందు తెలుగు బ్లాగర్లు లేఖిని అనే టైపింగ్ సైటులో రాసుకుని, తమ టపా బ్లాగులన్నిటినీ ఒకచోట చూపే కూడలిలో కనబడితే అదే పండగ అనుకునేవారు. మన పేజీల్లో ప్రకటనలు వేసి డబ్బిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ 2003లో మొదలైనా, తెలుగును తన భాషల్లో చేర్చుకున్నది 2018లో. పైసా రాదని తెలిసీ ఏళ్ల తరబడి రాసినవాళ్లు వేసిన బాట ఇది. దాని మీద నడుస్తూ డబ్బు తీసుకుంటున్నాను కాబట్టి ఏదో ఒకటి రాసి పడేయడానికి నాకు మనసొప్పదు.

లెక్క ముందే తెలిస్తే తర్వాత నీరసపడం. మన పేజీలో ప్రకటన వేసినందుకు వచ్చే సొమ్ములో సుమారు 68 శాతం మన వాటా. వెయ్యిసార్లు పేజీ తెరిస్తే అర డాలరు వస్తుందనుకోండి. నూరు డాలర్లు పోగవ్వాలంటే రెండు లక్షల సార్లు తెరవాలి. ఆ నూరు పూర్తయ్యేదాకా పైసా చేతికివ్వరు. పూర్తయితే, తర్వాతి నెల 21కీ 26కీ మధ్య బ్యాంకుకు పంపుతారు. రెండు వ్యాసాలు రాసి మూడో నెలకు అద్దె కట్టేద్దామనుకునేవాళ్లకు నేను ముందు ఈ గుణకారం చేసి చూపిస్తాను. వాళ్లను ఆపాలని కాదు. ఏడాదిన్నర ఓపిక పట్టగలరో లేదో వాళ్లే తేల్చుకోవాలని.

పది డాలర్లు చేరినప్పుడు మన చిరునామా నిజమైనదో కాదో చూడటానికి పోస్టులో ఒక ఉత్తరం వస్తుంది. మా పోస్ట్‌మ్యాన్ అది తెచ్చిన మధ్యాహ్నం బాగా గుర్తుంది. అంచులు చించి విప్పితే లోపల ఆరంకెల పిన్ నంబరు. అంతే. నేను రాసినదానికి ఇంటి తలుపు దాకా వచ్చిన మొదటి గుర్తింపు అది. ఆ సాయంత్రమే ఒక మిత్రుడు సలహా చెప్పాడు. “మనవాళ్లు ఇరవై మందికి చెప్పు, రోజూ తలా రెండు క్లిక్కులు కొడతారు. నూరెంతసేపు?” అలాంటి క్లిక్కులు పసిగడితే ఖాతా మూసేస్తారని అతనికి చెప్పాను. నిజానికి నన్ను ఆపింది ఆ భయం ఒక్కటే కాదు. ఆ క్లిక్కుల డబ్బు ఎక్కడో తన సరుకు అమ్ముకోవాలని ప్రకటన ఇచ్చిన చిన్న వ్యాపారి జేబులోంచి పోతుంది. పాలలో నీళ్లు కలపడం మా ఇంట్లో లేదు.

అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె అని రాయాల్సినచోట 50 అని పడింది. మూడు వారాలు అలాగే ఉండిపోయింది. ఒకరోజు జగిత్యాల నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. “బిడ్డా, నువ్వు రాసినట్టే కొట్టిన. వంకాయ చెట్ల ఆకులన్ని మాడిపోయినయ్. నేను జేసిన తప్పేంది?” అని అడిగారు. ఆమె నన్ను తిట్టలేదు, తప్పు తనదే అయ్యుంటుందనుకున్నారు. ఫోను చెవిన ఉండగానే పేజీ తెరిచి చూశాను. అయిదు పక్కన సున్నా. “తప్పు నాదమ్మా, మీది కాదు” అన్నాను. ఆమె కాసేపు ఏం మాట్లాడలేదు. “సరే బిడ్డా, మల్ల పెడత తియ్” అని ఫోన్ పెట్టేశారు.

ఆ సున్నాను చెరిపేయడం అర నిమిషం పని. ఎవరికీ తెలిసేది కాదు. అప్పటికే ఆ పేజీని వాట్సాప్ గ్రూపుల్లో పంచుకున్నవాళ్లు, నోటుపుస్తకంలో రాసుకున్నవాళ్లు ఎందరో నాకు తెలియదు. అందుకని వ్యాసం పైనే, ఎర్ర అక్షరాల్లో, తేదీ వేసి, ఏ అంకె తప్పో ఏది ఒప్పో రాశాను. మెయిల్ చందాదారులందరికీ అదే పంపాను. కొందరు చందా మానేశారు. ఆ బాధ చాలా రోజులుంది. రెండు వారాలకు జగిత్యాల అమ్మ మళ్లీ ఫోన్ చేశారు, బీర పువ్వు ఎందుకు రాలిపోతోందని అడగడానికి. నేను రాసినదాన్ని మళ్లీ నమ్మడానికి ఆమె సిద్ధపడ్డారు. అప్పట్నుంచి కొలతలున్న ప్రతి వాక్యాన్నీ ప్రచురించే ముందు పైకి చదువుకుంటున్నాను.

డబ్బిస్తాం, మా ఎరువు మంచిదని రాయమని అడిగేవాళ్లు కూడా వస్తారు. వాడి చూశాకే రాస్తాను, రాసినప్పుడు అది ప్రకటనేనని పైన చెబుతాను. మన దేశంలో 2021లో ప్రకటనల ప్రమాణాల మండలి మార్గదర్శకాలు వచ్చాక అలా చెప్పి తీరాలి కూడా.

ఇక వెబ్‌సైటు పేరు. దాన్ని ఏటా రెన్యూవల్ చేయించాలి. మొదటి ఏడు చవగ్గా ఇచ్చి, రెండో ఏటి నుంచి అసలు ధర వేయడం మామూలే. ఒకసారి నా కార్డు గడువు తీరింది, గుర్తుచేసే మెయిళ్లేమో నేను తెరవడం మానేసిన పాత ఐడీకి వెళ్లాయి. శనివారం పొద్దున చూస్తే నా పేజీ ఉండాల్సినచోట ఎవరివో ప్రకటనలు. ఏళ్ల రాత మొత్తం ఒక్క పూటలో కనబడకుండా పోయేసరికి కాళ్లూ చేతులూ ఆడలేదు. గడువు దాటాక కొన్నాళ్లపాటు మామూలు రుసుముకే తిరిగిస్తారు. అదీ దాటితే పేరును విడిపించుకోవడానికి 30 రోజుల రిడెంప్షన్ గడువు, అప్పుడు రుసుము కొన్ని రెట్లవుతుంది. ఆ తర్వాత ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. నేను మొదటి గడువులోనే మేలుకోవడంతో బయటపడ్డాను. ఇప్పుడు ఆ తేదీ మా వంటింటి గోడ మీది క్యాలెండరులో, కరెంటు బిల్లు తేదీ పక్కనే ఉంటుంది.

ఉద్యోగం మానేసి ఇదే చేయమంటారా అని కుర్రాళ్లు అడుగుతుంటారు. ఐఐటీలో చదివిన అమిత్ అగర్వాల్ 2004లో ఉద్యోగం వదిలి పూర్తికాలం బ్లాగరైన కథ చెబుతారు. ఆయన రాసింది ఇంగ్లీషులో, టెక్నాలజీ గురించి. చదువరులు ప్రపంచమంతా ఉన్నారు. ఆ కొలతతో మనం చొక్కా కుట్టించుకోకూడదు. జీతం రాయి పక్కన ఈ రాబడి రాయి ఏడాదిపాటు సమానంగా తూగనీయండి, అప్పుడు ఆలోచిద్దాం అంటాను.

నేను మాత్రం ప్రతి ఆదివారం పొద్దున రెండు గంటలు ఫోను పక్కన పెట్టేసి సైటు పని చేస్తాను. మొత్తం సైటుకు బ్యాకప్ తీసి విడిగా హార్డ్‌డిస్కులో దాస్తాను. పనిచేయని లింకులు సరిచేస్తాను. ఒక పాత వ్యాసాన్ని, ఎవరో కొత్తవాళ్లు రాసినట్టు, మొదటినుంచి చదువుతాను. ఆ రెండు గంటల్లో కొత్తగా ఒక్క రూపాయీ రాదు. ఈ వారం కనకాంబరాల వ్యాసం వంతు. అందులో ఇచ్చిన నర్సరీ నంబరు ఎంతకీ కలవడం లేదని ఒకావిడ రాశారు. కొత్త నంబరు కనుక్కుని ఆమెకు చెప్పాలి.