తలతిరుగుడు: కారణములు, జాగ్రత్తలు

విశాఖపట్టణపు రేవున ఓడలు, వేట పడవలు దిగినవారిలో కొందరికి, నేలపై నిలిచినను ఇంకను అలలపై ఊగుచున్నట్లు తోచును. సాధారణముగా ఇది ఒకటి రెండు దినములలో తగ్గును. కొందరికి నెలల తరబడి నిలుచును. బండిలో పోవునంతసేపు తగ్గి, దిగగానే మరల తోచుట దీని గుర్తు.

ఓడ యెక్కనివారికిని తలతిరుగుడు రావచ్చును. లోపలి చెవిలో శరీరపు నిలుకడను తెలుపు అవయవము కలదు. అందలి సున్నపు రేణువులు స్థానము తప్పినచో, పక్కపై ఒత్తిగిలినప్పుడు గదియంతయు కొద్ది క్షణములు గిఱ్ఱున తిరుగును. వైద్యుడు తలను క్రమముగా త్రిప్పి వానిని స్వస్థానమునకు చేర్చగలడు. చెవిలో హోరు, వినికిడి తగ్గుటతో కూడిన తలతిరుగుడును 1861లో ఫ్రెంచి వైద్యుడు మెనియేర్ వర్ణించెను. పార్శ్వపు తలనొప్పి, రక్తహీనత, రక్తపుపోటు మందులు, స్ట్రెప్టోమైసిన్ వంటి సూదిమందులు కూడ కారణములు కావచ్చును. వాడు మందులను తమంతట మానక, వైద్యునికి తెలుపవలెను.

దీనిని దయ్యమనియో, పైత్యమనియో త్రోసివేయరాదు. తగ్గువరకు వేటకును, క్రేను పనికిని, తాడిచెట్టు నెక్కుటకును పోరాదు. మాట తడబడుట, మూతి వంకరపోవుట, ఒకవైపు కాలుసేతులు పట్టుదప్పుట తోడైనచో, క్షణమైనను ఆలసింపక కింగు జార్జి ఆసుపత్రి వంటి పెద్దాసుపత్రికి చేర్చవలెను.